సాక్ష్యం చెప్పే అభ్యర్థి, పని చూపే అభ్యర్థి

బొబ్బిలి, టెక్కలి వంటి ఊళ్లలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీల కాలం నుంచీ ఉన్న సంఘాలకు ఎన్నికల వేళ ఒక ప్రశ్న తప్పదు. ఆదివారం ఆరాధనకు వచ్చి, శాలువా కప్పించుకుని, తానూ విశ్వాసినేనని మైకులో చెప్పే అభ్యర్థిని నమ్మాలా, లేక ప్రార్థన ఊసెత్తకపోయినా ఉద్దానం కిడ్నీ రోగుల డయాలసిస్, తాగునీరు పట్టించుకునే అభ్యర్థిని నమ్మాలా?

మొదటివారి పక్షాన చెప్పదగినది లేకపోలేదు. దేవునికి లెక్క అప్పజెప్పాలన్న భయం నిజంగా ఉన్నవారు లంచానికి జంకుతారని ఆశించవచ్చు. అయితే ఆ భయం మైకు ముందు తేలదు. యెహోవా విషయంలో తన ఆసక్తిని వచ్చి చూడమని పిలిచిన ఇశ్రాయేలు రాజు యెహూ, బేతేలు, దానుల్లోని బంగారు దూడల విగ్రహాలను మాత్రం విడిచిపెట్టలేదని రెండవ రాజుల గ్రంథం 10వ అధ్యాయం చెబుతుంది. పైగా మతం పేరుతో ఓటడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం తప్పు. ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోవారికి యెషయా 45వ అధ్యాయంలో ఆధారముంది: తనను ఎరుగని పర్షియా రాజు కోరెషును దేవుడు అభిషిక్తుడన్నాడు, చెరలోని యూదులు యెరూషలేముకు తిరిగి వెళ్లింది ఆ రాజు ఆజ్ఞతోనే. నా మొగ్గు ఇటే. కాకపోతే పని చేసినంత మాత్రాన చేతులు శుభ్రమని కాదు కాబట్టి, నామినేషనుతో ఇద్దరూ దాఖలు చేసే ఫారం 26లోని ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసుల వివరాలను సంఘ పెద్దలు (చదివేవారు అరుదే) శాలువా కొనకముందే చదవాలి.