బుఖారా: మనసు నిండిన కట్టడాలు, మోసం చేసిన బస

ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారాలో చూడవలసిన కట్టడాల గురించి చాలామంది రాశారు కనుక ముందుగా మా బస విషయమే చెబుతాను. మనవాళ్లు మరొకరు అదే విధంగా నష్టపోకూడదని నా తాపత్రయం.

లబీ హౌజ్ కోనేటికి దగ్గర్లో, పాత యూదుల వాడలో, సొంత ఇంటినే అతిథి గృహంగా మార్చిన ఒక చోట నాకూ, మా ఆవిడకూ, మా వదినగారికీ కలిపి ఒక గదిని ఉదయపు ఫలహారంతో సహా రోజుకు 45 డాలర్లకు ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఫొటోలో ఉన్నది చెక్క స్తంభాల వసారాతో ముంగిలి వైపు గది. తీరా వెళ్లాక వంటగది వెనకున్న కిటికీ లేని గది తాళం చేతికిచ్చి, ముంగిలి గది కావాలంటే రోజుకు మరో 15 డాలర్లు కట్టాలన్నారు. బుకింగ్ చూపిస్తే యజమాని దాని వంక కన్నెత్తి చూడలేదు. అప్పటికే రాత్రి తొమ్మిది దాటింది, వదినగారికి మోకాళ్ల నొప్పులు. మరో చోటు వెతుక్కునే ఓపిక లేక ఆ గదిలోనే దిగాం. గోడలకు చెమ్మ, దుప్పట్లకు మాంసం మాడిన వాసన. శుద్ధ శాకాహారి అయిన వదినగారికి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

ఖాళీ చేసే రోజున, కార్డు మెషీన్ పనిచేయడం లేదంటూ డాలరుకు 13,500 సోమ్‌ల (అక్కడి కరెన్సీ) చొప్పున లెక్కగట్టారు. అదే ఉదయం బ్యాంకులో నాకు వచ్చింది 12,600. అంటే రోజు అద్దె మీద 40,500 సోమ్‌లు, మన లెక్కలో దాదాపు 270 రూపాయలు అదనం. ఆ సొమ్ము కన్నా నన్ను బాధపెట్టింది మరొకటి: అడిగినంతా ఇచ్చేదాకా రిజిస్ట్రేషన్ చీటీ ఇచ్చేది లేదన్నారు. విదేశీయుల బసను నమోదు చేయించడం అక్కడ బస ఇచ్చేవారి బాధ్యత. దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజడం అన్యాయం. కాబట్టి దిగిన రోజునే ఆ చీటీ అడిగి తీసుకోండి, అద్దె ఏ కరెన్సీలో, ఏ రేటుకు ఇవ్వాలో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

ఇక ఊరు. ఆర్క్ కోట, నాలుగు మీనార్ల చోర్ మినోర్, బజారు గుమ్మటాలు ఒక పూటలో తిరగవచ్చు. 1127లో కట్టిన కల్యాణ్ మీనారు దాదాపు 47 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. దాని ఎదుటి మీర్-ఇ-అరబ్ మదరసాలో ఇప్పటికీ చదువు చెబుతున్నారు కనుక సందర్శకులను గుమ్మం దాటనివ్వరు. నా మటుకు వీటన్నిటికన్నా గొప్పది, పార్కులో ఒక పక్కగా ఉన్న, సమానీ రాజవంశపు చిన్న సమాధి. సుమారు పదకొండు వందల ఏళ్ల నాటి ఆ కట్టడానికి రంగు పలకలు లేవు, పూతలు లేవు. కాల్చిన ఇటుకనే నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేర్చి, గోడ మొత్తాన్ని వెదురు తడికలా అల్లేశారు. మధ్యాహ్నం చదునుగా కనిపించిన గోడ, పొద్దు వాలేసరికి ప్రతి ఇటుక నీడా విడివిడిగా తేలి, లోతు వచ్చినట్టు కనిపించింది. అందుకే అక్కడికి సాయంత్రమే వెళ్లాలంటాను.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. పులావులో మాంసం ముక్కలు తీసేసి పెడతామన్నా ఒప్పుకోవద్దు, ఆ బియ్యం ఉడికేదే మాంసంతో, కొవ్వుతో. గుమ్మడికాయ సంసాలో (తందూరులో కాల్చే సమోసా లాంటిది) కూడా దుంబా గొర్రె తోక కొవ్వు కలిపే అలవాటుంది. మాకు మాత్రం సమానీ సమాధి చూసి వస్తుండగా, సందు మలుపులో ఒక పెద్దావిడ కొవ్వు లేకుండా, ఉల్లిపాయ, జీలకర్ర, మిరియాల పొడితో కూరిన సంసాలను అప్పుడే తందూరు గోడ నుంచి ఊడదీసి ఇచ్చింది. ఒక్కోటి 5,000 సోమ్‌లు. పై పొర కరకరలాడుతూ, లోపల గుమ్మడి తియ్యగా, పొగలు కక్కుతూ ఉంది. అంతవరకు బిస్కట్లతో నెట్టుకొచ్చిన వదినగారు వరసగా మూడు తిని, ఆ పెద్దావిడ చేతులు పట్టుకుని మన తెలుగులోనే దీవించారు. ఆ తర్వాత ఆవిడ ముఖంలో చిరాకు కనిపించలేదు, మోకాళ్ల మాట కూడా ఎత్తలేదు.

వేగపు రైలు ఆగేది ఊళ్లో కాదు, పక్కనున్న కాగన్ పట్టణంలో. స్టేషన్ బయట టాక్సీవాళ్లు లక్ష సోమ్‌లు అడిగారు. ఫోన్‌లోని టాక్సీ యాప్‌లో అదే దూరానికి 32,000 అయింది. స్టేషన్ గేటు దాటి నాలుగడుగులు ముందుకు నడిచి యాప్‌లోనే బండి పిలిపించుకోండి.