సోర్ టూల్ కొంటున్నారా? సంతకం పెట్టే ముందు మాకు జరిగింది చదవండి

మీ సంస్థకు సోర్ (SOAR) టూల్ ఎంచుకునే పని మీ మీద పడిందా? సెక్యూరిటీ అలర్ట్ రాగానే తనంతట తానే వివరాలు సేకరించి, అవసరమైతే బ్లాక్ కూడా చేసేసే సాఫ్ట్‌వేర్ గురించే నేను చెప్పేది. దయచేసి డెమో చూసి సంతకం పెట్టకండి. మేం అదే చేశాం, మూడేళ్లకు ఒప్పందం రాసుకున్నాం. పద్నాలుగు నెలలు గడిచాయి. నైట్ షిఫ్ట్ వాళ్ల భారం తగ్గుతుందని కొన్నాం, చివరికి ఆ టూల్‌ను కనిపెట్టుకుని ఉండటానికే ఒక మనిషిని కేటాయించాల్సి వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ తర్వాత మరో మూడు టూల్స్ పరీక్షించాం. ఇవే లోపాలు ఒకదాంట్లో తక్కువగా, ఒకదాంట్లో ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఎక్కడెక్కడ వెతకాలో చెప్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఆ రాత్రి సంగతి. టైమ్ 2:40. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎవరికీ లాగిన్ అవ్వట్లేదు. మెయిల్ ఓపెన్ అవ్వట్లేదు. చూద్దామంటే నేను టూల్‌లోకే వెళ్లలేకపోతున్నా." ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి అనే అనుకున్నాం. మేనేజర్లను నిద్ర లేపాం, బ్యాకప్ టీమ్‌ను పిలిచాం. అందరం టెన్షన్‌తో గంటన్నర వెతికాక తేలిందేమిటంటే, దాడి అసలు జరగనే లేదు.

ఎవరో ఉద్యోగి అనుమానంగా ఉన్న ఒక మెయిల్‌ను రిపోర్ట్ చేశారు. టూల్‌తో పాటు వచ్చిన ఫిషింగ్ ప్లేబుక్ (మోసపు మెయిల్ వస్తే టూల్ తనంతట తానే చేయాల్సిన పనుల వరుస) ఆ మెయిల్‌లోని లింకులన్నీ బయటికి తీసింది. అందులో దొంగ లింకు ఒక్కటే. మిగిలినవన్నీ మోసగాళ్లు అసలు లాగిన్ మెయిల్ నుంచి కాపీ చేసి పెట్టిన నిజమైన లింకులు. నమ్మించడానికి వాళ్లు ఎప్పుడూ చేసే పనే ఇది. ప్లేబుక్ మాత్రం మెయిల్ మొత్తానికి 'ప్రమాదకరం' అని ముద్ర వేసి, అందులో కనిపించిన ప్రతి డొమైన్‌నూ ప్రాక్సీలో (ఆఫీసు ఇంటర్నెట్ అంతా వెళ్లే సర్వర్‌లో) బ్లాక్ చేసేసింది. ఒకే లాగిన్‌తో అన్నిటిలోకీ వెళ్లే మా సింగిల్ సైన్ ఆన్ డొమైన్ కూడా వాటిలోనే ఉంది. టూల్‌లోకి లాగిన్ అవ్వాలన్నా అదే సింగిల్ సైన్ ఆన్, అందుకే మా కుర్రాడు బయటే ఉండిపోయాడు. కంచే చేను మేసిందంటే ఇదే.

వెండర్ సపోర్ట్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పింది విని మాకు నోట మాట రాలేదు. బ్లాక్ చేసే ప్లేబుక్ వాళ్లిచ్చారు గానీ, దాన్ని వెనక్కి తీసే ప్లేబుక్ మేమే రాసుకోవాలట. చివరికి నెట్‌వర్క్ టీమ్ వాళ్లు ప్రాక్సీలోకి నేరుగా వెళ్లి ఆ ఎంట్రీలను చేత్తో ఒక్కొక్కటిగా తీసేశారు. ముట్టుకోకూడని డొమైన్ల జాబితా ముందే పెట్టుకోకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ జాబితా అడగకుండా, మధ్యలో మనిషి అనుమతి తీసుకునే మెట్టు లేకుండా రెడీమేడ్ ప్లేబుక్ ఇవ్వడం వాళ్ల తప్పు. డెమోలో మాకు చూపించిందీ ఈ ప్లేబుక్‌నే. మెయిల్ వచ్చిన నలభై సెకన్లలో బ్లాక్ అయిపోతుంటే అందరం తలలూపాం.

కాబట్టి మొదటి మాట: డెమోలో వాళ్ల మెయిళ్లు, వాళ్ల అలర్ట్‌లు వద్దు. మీ దగ్గర గత నెలలో వచ్చిన అలర్ట్‌లే ఇవ్వండి. అందులో తప్పుడు అలర్ట్‌లు, సగం వివరాలే ఉన్నవి, ఒకే అలర్ట్ పదిసార్లు వచ్చినవి కావాలనే కలపండి. ప్రతి బ్లాక్‌కూ 'ఇప్పుడు దీన్ని తీసి చూపించండి' అని అడగండి. సింగిల్ సైన్ ఆన్ పడిపోతే టూల్‌లోకి వెళ్లే రెండో దారి ఏదో కూడా అప్పుడే చూపించమనండి.

ఇక కనెక్టర్లు, అంటే టూల్‌ను మీ మిగతా సాఫ్ట్‌వేర్‌లతో కలిపే భాగాలు. 'మూడు వందలకు పైగా కనెక్టర్లు' అని స్లైడ్ మీద ఉంది. అందులో మేం వాడే ఎండ్‌పాయింట్ సాఫ్ట్‌వేర్ (ఉద్యోగుల కంప్యూటర్లను కాపాడేది) పేరు కనపడగానే టిక్ పెట్టేసుకున్నాం. కొన్నాక తెరిచి చూస్తే దాంట్లో రెండే పనులున్నాయి: అలర్ట్ వివరాలు తేవడం, మెషీన్ పేరు తేవడం. వైరస్ సోకిన మెషీన్‌ను నెట్‌వర్క్ నుంచి వేరు చేసే పని లేనే లేదు. మాకు ముఖ్యంగా కావాల్సింది అదే. అడిగితే 'రోడ్‌మ్యాప్‌లో ఉంది' అన్నారు, ఇప్పటికీ అక్కడే ఉంది. కనెక్టర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మీరు వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ కనెక్టర్ తెరిపించి, అందులో ఏయే పనులున్నాయో ఒక్కొక్కటి చదవండి. దాన్ని రాసిందెవరు, అవతలి సాఫ్ట్‌వేర్ ఏపీఐ (దాంతో టూల్ మాట్లాడే దారి) మారితే ఎన్ని రోజుల్లో సరిచేస్తారు అన్నది ఒప్పందంలోకి రావాలి.

ఏపీఐ మారడం చిన్న విషయం కాదు, దాని వల్ల మేం తొమ్మిది రోజులు గుడ్డిగా ఉన్నాం. మా టికెట్ సిస్టమ్ (ప్రతి సమస్యనూ నమోదు చేసి పని అప్పగించే సాఫ్ట్‌వేర్) అప్‌గ్రేడ్ అయ్యాక కనెక్టర్ పని చేయడం మానేసింది. డాష్‌బోర్డ్‌లో మాత్రం ప్రతి ప్లేబుక్ పక్కనా ఆకుపచ్చ టిక్కే. కారణం, 'ఎర్రర్ వచ్చినా ముందుకు సాగు' అన్న సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంది. మధ్యలో ఒక మెట్టు విఫలమైనా చివరికి చేరితే 'పూర్తయింది' అని చూపించేస్తుంది. టికెట్లు రావట్లేదేమిటని ఒక అనలిస్ట్‌కు అనుమానం వచ్చింది కాబట్టి బయటపడింది, లేకపోతే ఇంకెన్ని రోజులు గడిచేవో. పరీక్ష సమయంలో మీరే ఒక కనెక్టర్ పాస్‌వర్డ్ మార్చేసి చూడండి. టూల్ గట్టిగా అరుస్తుందా, ఊరుకుంటుందా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

డబ్బు దగ్గరా ఒక గుంట ఉంది. కొందరు ఎంతమంది వాడతారన్న లెక్కన తీసుకుంటారు, కొందరు ప్లేబుక్ ఎన్నిసార్లు నడిచిందన్న లెక్కన. మాది రెండోది. అలర్ట్ వస్తే ఒక ప్లేబుక్ టికెట్ తెరుస్తుంది. టికెట్ మారితే ఇంకో ప్లేబుక్ అలర్ట్‌లో నోట్ రాస్తుంది. అలర్ట్ మారింది కదా అని మొదటిది మళ్లీ నడుస్తుంది. ఒక శని, ఆదివారాల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి తిప్పుకుంటూ నెల కోటా మొత్తం మింగేశాయి. కోటా అయిపోయాక కొత్త అలర్ట్‌లు క్యూలో ఆగిపోయాయి. నిజంగా దాడి జరిగిన రోజున అలర్ట్‌లు వందలకొద్దీ వస్తాయి, ఈ లెక్కన టూల్ ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. అలాంటి రోజున పరిమితి వర్తించదని రాతపూర్వకంగా తీసుకోండి.

నన్ను ఇప్పటికీ భయపెట్టే విషయం ఇంకొకటి. ఈ టూల్ చేతిలో ఫైర్‌వాల్, మెయిల్, యూజర్ అకౌంట్లు అన్నిటి తాళాలూ ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన ఇంజనీర్ పని తొందరగా అవుతుందని పూర్తి అడ్మిన్ హక్కులు అడిగాడు, మేం ఇచ్చేశాం. అంటే ఈ ఒక్క టూల్‌ను పట్టుకున్నవాడికి సంస్థంతా దొరికినట్టే. ఏ పనికి ఎంత హక్కు సరిపోతుందో విడదీసి తగ్గించేసరికి మాకు రెండు నెలలు పట్టింది. ఏ కనెక్టర్‌కు కనీసం ఏ హక్కులు చాలో వెండర్ దగ్గర పత్రం ఉందా అని అడగండి. లేదంటే అక్కడే ఆగిపోవచ్చు.

బ్రోచర్ మీద 'నిస్ట్ 800-61 ప్రకారం' అని ఉంటే మెత్తబడకండి. అది దాడి జరిగినప్పుడు ఎలా స్పందించాలో (ఇన్సిడెంట్ రెస్పాన్స్) చెప్పే, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శక పత్రం, దాని మూడో వెర్షన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. దాన్ని బట్టి నిస్ట్ ఏ సాఫ్ట్‌వేర్‌కూ సర్టిఫికెట్ ఇవ్వదు.

కంపెనీ ఎన్నాళ్లు ఇలాగే ఉంటుందన్నదీ చూడాలి. ఈ రంగంలో చేతులు మారడం మామూలు. సోర్ టూల్స్ చేసే కంపెనీల్లో 2018లో ఫాంటమ్‌ను స్ప్లంక్ కొంది, 2019లో డెమిస్టోను పాలో ఆల్టో నెట్‌వర్క్స్ కొంది, 2022లో సింప్లిఫైని గూగుల్ కొంది, 2024లో ఆ స్ప్లంక్‌నే సిస్కో కొనేసింది. మా టూల్ వీటిలోది కాదు. కొన్నంత మాత్రాన చెడిపోతుందనీ కాదు. కానీ కొన్న కంపెనీ సొంత ఫైర్‌వాల్ అమ్ముతుంటే, పోటీ కంపెనీ ఫైర్‌వాల్ కనెక్టర్‌కు ఎంత శ్రద్ధ దక్కుతుందో ఆలోచించుకోండి. పైగా టెక్నాలజీ మార్కెట్‌ను విశ్లేషించే గార్ట్‌నర్ సంస్థ 2024లో ఒక హైప్ సైకిల్ నివేదికలో (ఏ టెక్నాలజీ ఏ దశలో ఉందో చెప్పేది) సోర్‌ను విడి ఉత్పత్తిగా నిలదొక్కుకోకముందే కాలం చెల్లేదిగా చూపించింది. ఈ పనులు ఇతర సెక్యూరిటీ ప్లాట్‌ఫామ్‌లలోనే కలిసిపోతున్నాయి. మీరు ఇప్పటికే డబ్బు కడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ఉందేమో ముందు చూడండి. మేం చూడలేదు. మాకు కావాల్సిన వాటిలో సగం మా దగ్గరే ఉన్నాయని తర్వాత తెలిసింది.

బయటికి వచ్చే దారి కూడా కొనకముందే చూసుకోవాలి. మా ప్లేబుక్‌లు ఎక్స్‌పోర్ట్ అయితే అవుతాయి గానీ ఆ ఫైలు ఇంకే టూల్‌లోనూ తెరుచుకోదు. ప్లేబుక్‌లను ఒక టూల్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి అందరూ వాడుకునే ప్రమాణాలు రూపొందించే ఒయాసిస్ సంస్థ కాకావో (CACAO) అనే ప్రమాణం తెచ్చింది, 2.0 వెర్షన్ 2023లో వచ్చింది. దానికి సపోర్ట్ ఉందా అని అడిగితే మా సేల్స్ మనిషి ఆ పేరు రాసుకుని వెళ్లాడు, మళ్లీ జవాబు రాలేదు.

ఒప్పందంలో పదకొండో పేజీలో ఇంకో వాక్యం ఉంది. గడువుకు 90 రోజుల ముందు లేఖ ఇవ్వకపోతే ఇంకో ఏడాదికి దానంతట అదే రెన్యూవల్ అవుతుందట. ఆ తేదీ ఇప్పుడు మా ముగ్గురి క్యాలెండర్లలోనూ ఉంది. ఈలోగా మా ప్లేబుక్‌లను మామూలు పైథాన్ స్క్రిప్టులుగా తిరగరాస్తున్నాం. పదకొండింటిలో నాలుగు పూర్తయ్యాయి. వాటిలో మొదట రాసింది అన్‌బ్లాక్ చేసేదే.