పర్లాకిమిడి వానల్లో అద్దాల అలమరలు: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

ఇంట్లో పుస్తకాలు, బొమ్మలు కనబడేలా పెట్టుకోడానికి అద్దాల తలుపుల అలమరలు చేయించుకోవాలనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. టేకు చట్రం, మెరైన్ ప్లైవుడ్ (నీటిని తట్టుకునే రకం) అరలు, మడతబందుల మీద తెరుచుకునే అద్దం తలుపులతో మేస్త్రి చేత చేయించిన జత మా హాల్లో ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. 2018లో తిత్లీ తుపాను రాకముందు చేయించాం. ఆ రోజుల్లోనే పడకగదికని తెప్పించిన రెడీమేడ్ అద్దాల అలమరలో ఇవాళ ఒక్క పుస్తకం లేదు. రెంటికీ తేడా చెక్క ఖరీదు ఒక్కటే కాదు. మా వైపు అలమరకి అసలు పరీక్ష ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా ఉంటుంది. షాపులో ఏసీ కింద నిలబెట్టి చూపించినప్పుడు ఏ అలమరైనా బాగానే ఉంటుంది.

ఏం పెట్టానో చెబితే గానీ ఎందుకింత పట్టింపో అర్థం కాదు. మా మామగారి నాటి తెలుగు పుస్తకాలు, బైండు చేయించిన పాత పత్రికలు, మా ఊరి కొమ్ము పని బొమ్మలు, కొన్ని గంజపా చీట్లు (పాతకాలపు గుండ్రటి పేకముక్కలు). గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1936లో ఒడిశాలో కలిశాక కూడా ఇళ్ళల్లో తెలుగు పోలేదు. పిల్లల చదువులు మాత్రం ఒడియాలో, ఇంగ్లీషులో సాగుతున్నాయి. ఇక్కడ ఒక తెలుగు పుస్తకం పాడైతే మళ్ళీ దొరకడం కష్టం. ట్రంకు పెట్టెలో దాస్తే పిల్లల కంట పడదు. బయట అరల్లో పెడితే రోడ్డు దుమ్మంతా దాని మీదే. అద్దం తలుపు వేస్తే పుస్తకం కనిపిస్తుంది, దుమ్ము పట్టదు. మా మనవరాలు అద్దం మీద వేలు పెట్టి పుస్తకాల వీపుల మీద పేర్లు కూడబలుక్కుంటూ తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నా మటుకు ఈ అలమరల ఖర్చు అక్కడే తీరిపోయింది.

ముందు కొలతల సంగతి. డెమ్మీ సైజు పుస్తకం వెడల్పు ఐదున్నర అంగుళాలు. అందుకే అర లోతు 10 అంగుళాలకి మించనివ్వలేదు. లోతు ఎక్కువైతే ముందొక వరుస, వెనకొక వరుస పెట్టాలనిపిస్తుంది. వెనక వరుసని మనం మరిచిపోతాం, పురుగు మరిచిపోదు. అర పొడవు రెండున్నర అడుగులు, అంతే. అడుగు వరుస పుస్తకాలు ఎనిమిది, పది కిలోల దాకా తూగుతాయి, బైండు పత్రికలైతే ఇంకా ఎక్కువ. అదే బరువు చొప్పున పుస్తకాలు పేర్చి, అర పొడవు రెట్టింపు చేస్తే నడుమ వంపు పదహారు రెట్లవుతుంది. చెక్క మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. అందుకే పొట్టి అర, మందపు చెక్క. మావి 18 ఎం.ఎం. అరలు, ముందు అంచున రెండు అంగుళాల టేకు పట్టీ నిలువుగా కొట్టించాం. ఆ పట్టీ చూడ్డానికి అందం కోసం పెట్టినట్టుంటుంది కానీ అరని మోసేది అదే. ఇన్నేళ్ళ బరువుకి ఒక్క అరా నడుం వంచలేదు. ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో చూడండి, మెరైన్ రకానికి ఉండే గుర్తు అది. ఐ.ఎస్. 303 అని ఉంటే మామూలు వాడకానికి చేసిన రకం.

టేకు కొత్తది కొనలేదు. పాత ఇళ్ళు విప్పినప్పుడు వచ్చే గుమ్మాలు, వాసాలు కోయించి చట్రాలు చేయించాం. దశాబ్దాల పాటు ఆరిన చెక్క గనక ఇక మెలి తిరగదు. అద్దం తలుపుకి ఇది ప్రాణం. చట్రం కాస్త మెలితిరిగినా అద్దం మీద ఒత్తిడి పడి మూలన పగులు పుడుతుంది.

ఇక బందులు. 4 ఎం.ఎం. అద్దం చదరపు అడుగుకి దాదాపు ఒక కిలో తూగుతుంది. తలుపులో అడుగు వెడల్పు, అయిదడుగుల ఎత్తు ఉన్న అద్దమే అయిదు కిలోల దగ్గరికి వస్తుంది. పైన చట్రం బరువు. మా మేస్త్రి మొదటి రోజే చెప్పాడు: “అమ్మా, రెండు బందులెడితే రెండేళ్ళకే తలుపు మూతి కిందకి వేలాడిపోతాది. నాలుగెట్టాల. పైన రెండూ దగ్గర దగ్గరగా ఉండాల.” తలుపు బరువంతా పై బందుని బయటికి లాగుతుంది, కిందది లోపలికి నొక్కుతుంది. పైన రెండు దగ్గరగా ఉంటే ఆ లాగుడుని రెండూ పంచుకుంటాయి. బందులు ఇత్తడివి, మేకులూ ఇత్తడివే. ఇనుప మేకులైతే మా తేమకి తుప్పు పట్టి చెక్క మీద నల్లటి చారలు దిగుతాయి. ఈనాటికీ తలుపు మూస్తే మధ్యలో సందు పైనుంచి కింద దాకా ఒకే వెడల్పున ఉంది.

అద్దాన్ని చట్రంలో నిలిపే బీడింగు లోపలి వైపు, మేకులు కాకుండా స్క్రూలతో బిగించమనండి. అద్దం పగిలితే అలమర విప్పకుండా కొత్తది వేసుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో కింది సగానికి టఫెన్డ్ అద్దం వేయించడం మంచిది. పగిలినా కత్తుల్లాంటి ముక్కలు రావు, చిన్న చిన్న పలుకులై రాలుతుంది. ఒకసారి టఫెన్డ్ చేసిన అద్దాన్ని మళ్ళీ కోయడానికి కుదరదు. కాబట్టి చట్రం పూర్తయ్యాక అసలు కొలత తీసుకుని అప్పుడే ఆర్డరివ్వాలి.

బరంపురంలో మా వదిన వాళ్ళింట్లో పక్కకి జరిగే అద్దాల అలమర ఉంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ దాన్ని బాగానే వాడాను. గది ఇరుకైతే అదే మేలు, తలుపు తెరవడానికి ముందు జాగా అక్కర్లేదు. కానీ ఒకసారి సగమే తెరుచుకుంటుంది. అద్దాలు ఒకదాని మీదికొకటి వచ్చే చోట పుస్తకాలు సరిగా కనబడవు. కింద గాడిలో చేరిన దుమ్ము పాత పళ్ళబ్రష్షుతో లాగితే గానీ రాదు, లాగకపోతే అద్దం గీరుకుపోతుంది. రెండు అద్దాల మధ్య సందులోంచి బల్లిపిల్లలు దూరతాయి. వదినకి మాత్రం అదే ఇష్టం. “తలుపు తెరిచిపెట్టి మరిచిపోయే బాధ లేదు కదే” అంటుంది. అదీ నిజమే.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం తేమ. అద్దం తలుపు దుమ్మునీ చేతుల్నీ ఆపుతుంది, తేమని ఆపదు. పైగా ఒకసారి లోపలికి చేరిన తేమని బయటికి పోనివ్వదు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే రోజుల తరబడి ఉంటే బూజు లేస్తుంది. మా వానాకాలంలో ఆ అంకె దాటని రోజే తక్కువ. అందుకని అలమరని బయటి గోడకి ఎప్పుడూ ఆనించొద్దు. వాన కొట్టిన గోడ లోపలి వైపు చల్లగా ఉంటుంది, ఆ చల్లదనానికి అలమర వెనక చెక్క చెమ్మగిల్లుతుంది. మావి రెండు గదుల మధ్య గోడ దగ్గర, మూడు అంగుళాల ఎడంతో నిలబెట్టాం. వెనక చెక్కలో పైన ఒక వరుస, కింద ఒక వరుస బెజ్జాలు వేయించి, వాటికి సన్నని స్టీలు జాలీ కొట్టించాం. అరలు కూడా వెనక చెక్కకి తగలవు, అర అంగుళం సందు ఉంటుంది. కింద దూరిన గాలి ఆ సందుల్లోంచి పైకెళ్ళి బయటపడుతుంది. పడకగదిలోని రెడీమేడ్ దానికి ఈ ఏర్పాటేదీ లేదు. అందులో రెండో వానాకాలానికే పుస్తకాల వీపుల మీద తెల్లటి నూగు కనిపించింది. హాల్లో వాటికి ఇంతవరకూ రాలేదు.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నం తలుపులు బార్లా తెరిచి ఫ్యాను వేస్తాను. ముసురు పట్టిన రోజు మాత్రం తెరవను, బయటి తేమ లోపలికి పోతుంది. సిలికా జెల్ పొట్లాల గురించి చాలామంది అడుగుతారు. గాలి ఆడే అలమరలో వాటివల్ల ఒరిగేదేమీ లేదు, ఊరంతటి తేమని అవి పీల్చలేవు. బిగుతుగా మూత పడే చిన్న డబ్బాల్లో బాగా పనిచేస్తాయి. కొంటే నారింజ రంగు గింజలు తీసుకోండి. నీలం రంగు వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది, ఇంట్లో పిల్లలుండగా అది వద్దు.

కొమ్ము బొమ్మల విషయం వేరు. గేదె కొమ్ముని వేడితో మెత్తబరిచి, వంచి, చెక్కి, మెరుగుపెట్టి చేస్తారు. మా దగ్గర ఒక రొయ్య ఉంది. దాని మీసాలు వెంట్రుకంత సన్నగా, చివర్లు కాస్త పైకి తిరిగి ఉంటాయి. వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే నల్లటి కొమ్ములో తేనెరంగు చారలు కనిపిస్తాయి. అంత నాజూకు పనిని దుమ్ము దులిపే గుడ్డకి వదిలేయడానికి మనసొప్పదు, అద్దం వెనక ఉండాల్సిందే. వేడితో వంచిన వస్తువు కాబట్టి వేడెక్కే బల్బు దాని దగ్గర పెట్టకూడదు. ఆ అరలో సన్నని ఎల్ఈడీ పట్టీ వేయించి, దాని డ్రైవరుని (పట్టీకి కరెంటు అందించే చిన్న పెట్టెని) అలమర బయట పెట్టించాను. కొబ్బరినూనె రాస్తే మెరుపు వస్తుంది నిజమే, కానీ దుమ్ముని పట్టేసుకుంటుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. కొమ్ము అన్నా, గోరన్నా, వెంట్రుకన్నా కెరటినే. ఉన్నిబట్టల్ని కొరికే చిన్న పెంకుపురుగుల పిల్లలు దీన్నీ తింటాయి. బొమ్మ కింద సన్నటి పొడి రాలి కనిపిస్తే వెంటనే దాన్ని వేరుచేసి చూడాలి. అందుకే కొమ్ము బొమ్మలున్న అరకి తెల్ల కాగితం పరిచాను, పొడి రాలితే ఇట్టే తెలుస్తుంది.

గంజపా చీట్లకి రామబాణం పురుగు గండం. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికి చేస్తారు వాటిని. ఆ జిగురన్నా, పాత బైండింగుల్లోని మైదా జిగురన్నా ఆ పురుగుకి ప్రాణం. చీకటి, తేమ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గాలి ఆడే అలమర, నెలకోసారి చెయ్యి తగలడం, అరల మూలల్లో ఎండబెట్టిన వసకొమ్ము, ఇవే నేను నమ్ముకున్నవి. నాఫ్తలీన్ ఉండలు మానేశాను, హాల్లో అందరం కూర్చునే చోట ఆ ఘాటు పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు.

అద్దం ఎండని కూడా పూర్తిగా ఆపదు. మామూలు అద్దంలోంచి అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగం లోపలికి వచ్చేస్తాయి. పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న కొన అరలో అట్టల మీద ఎరుపు, పసుపు రంగులు వెలిసి నీలం, నలుపు మిగిలాయి. ఇప్పుడు ఆ కిటికీకి మందపాటి తెర ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అంతా ఆ గాలివానకి అతలాకుతలమైంది. మా కిటికీ రెక్క ఊడి హాల్లోకి నీళ్ళు వచ్చాయి. అలమరలు అయిదు అంగుళాల గ్రానైటు దిమ్మ మీద ఉన్నాయి, పైన రెండు ఇనుప పట్టీలతో గోడకి బిగించి ఉన్నాయి. నీళ్ళు దిమ్మ అంచు దాకా వచ్చి ఆగాయి. కరెంటు లేని ఆ రోజుల్లో టార్చి వేసి ఒక్కో అర చూసుకున్నాను. ఒక్క పుస్తకం తడవలేదు. దిమ్మ, గోడ పట్టీలు ఈ రెంటినీ ఖర్చు తగ్గించడానికని మానుకోవద్దని అందరికీ చెబుతాను. ఆ దిమ్మ చెదలకి కూడా అడ్డమే. చెదలు మట్టి దారి కట్టుకుంటూ పైకెక్కితే రాయి మీద వెంటనే కనబడతాయి.

రెడీమేడ్ దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసేది), పైన చెక్క రంగు కాగితం. అర పొడవు మూడడుగులు, మందం 15 ఎం.ఎం. నడుమ కుంగింది. తేమకి బోర్డు అంచులు ఉబ్బాయి. ఉబ్బిన చోట బందు స్క్రూలు పట్టు వదిలి అద్దం తలుపు జారింది. కంపెనీవాళ్ళు బందులు మార్చి వెళ్ళారు, పట్టు నిలవలేదు. ఇప్పుడు అందులో దుప్పట్లు, దిండ్లు ఉన్నాయి. బొమ్మలు, తేలికపాటి వస్తువులు పెట్టుకునే పొడి ఊళ్ళలో అలాంటిది సరిపోతుందేమో గానీ పుస్తకాలకి, మా వాతావరణానికి వద్దు.

వకీళ్ళ ఆఫీసుల్లో ఉండే ఇనుప అద్దాల అలమర, తలుపు పైకెత్తి లోపలికి తోసేది, అదీ మంచిదే. చెద పట్టదు, అర వంగదు. కానీ గీత పడ్డ చోట రంగు లేచి తుప్పు మొదలవుతుంది, చల్లటి రాత్రి లోపల చెమ్మ పడుతుంది. పుస్తకం ఇనుముకి తగలకుండా అరల మీద మందపాటి అట్ట పరుచుకుంటే దాన్నీ నమ్మొచ్చు.

ముందుగదికి మరో జత చేయించబోతున్నాం. అదే కొలతలు, అవే నాలుగు బందులు. కొమ్ము బొమ్మల భాగానికి మాత్రం అరలు కూడా అద్దంవే వేయిస్తున్నాను, పై దీపం వెలుతురు కింది అర దాకా దిగుతుందని. మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఒక్క మాట ముందే అనుకోండి: పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండల్లో ముగించాలి. వానల్లో వేసిన పాలిష్ సరిగా ఆరక తెల్లగా మసకబారుతుంది, తర్వాత మళ్ళీ గీకి వేయించుకోవాల్సి వస్తుంది.