పాత వాల్వు హెడ్‌ను కాంబో చేయాలా, విడిగా ఉంచాలా? ఏది మేలు?

1960, 70ల నాటి వాల్వు (గాజు గొట్టాల) గిటార్ ఆంప్ హెడ్, అంటే స్పీకరు లేని ఆంప్ పెట్టె, చేతికి రాగానే, అది ఫెండర్ బాస్‌మన్ అయినా, బాండ్‌మాస్టర్ అయినా, 50 వాట్ల మార్షల్ అయినా, మొదట పుట్టే ఆలోచన ఒకటే. దీన్నీ ఒక 12 అంగుళాల స్పీకరునూ ఒకే పెట్టెలో బిగించి కాంబో చేసేస్తే మోయడం తేలిక కదా అని. తిరుపతిలో చర్చికో కాలేజీ ఫెస్టుకో ఆటోలో వేసుకెళ్లేవాళ్లకు, చిత్తూరుకు బస్సెక్కేవాళ్లకు ఇది తట్టడం సహజం. నిజంగా తేలిక అవుతుందా అన్నది మాత్రం తూకం వేసి చూడాలి.

దారులు మూడు. చాసిస్‌ను, అంటే వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ బిగించిన లోహపు చట్రాన్ని, అసలు పెట్టెలోంచి తీసి కొత్త కాంబో పెట్టెలో బిగించడం. హెడ్‌ను కదపకుండా విడిగా ఒక స్పీకరు పెట్టె చేయించడం. అసలు పెట్టెనే కోసి పెంచడం. మూడోదానికి ఒక్క మాట చాలు: వద్దు. కోసిన పాత పెట్టె మళ్లీ అతకదు, హెడ్ విలువ అక్కడే పోతుంది.

"కాంబో సౌండు కావాలి" అనేవాళ్లు ముందు ఒక సంగతి గమనించాలి. ఆ సౌండు ఆంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నందువల్ల రాదు, వెనక పలక సగం తెరిచి ఉన్నందువల్ల వస్తుంది. కోను వెనక్కి తోసే గాలి ముందువైపు చేరి కింది స్వరాలను కొంత కొట్టేస్తుంది. అందుకే బేస్ పలచబడి, శబ్దం గదంతా పరుచుకుంటుంది. వెనక పూర్తిగా మూస్తే బేస్ బిగువుగా ముందుకే వస్తుంది. కాబట్టి వెనక సగం తెరిచిన విడి పెట్టె మీద హెడ్ పెట్టి వాయించినా, అదే స్పీకరు, అదే కొలత అయితే, మీరు కోరుకున్న సౌండే వస్తుంది. దానికోసం చాసిస్ విప్పనక్కర్లేదు.

ఇక బరువు. 18 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు తూగుతుంది. 60 సెం.మీ. వెడల్పు, 51 ఎత్తు, 26 లోతు ఉండే కాంబో పెట్టెకు ముందు పలక, సగం వెనక పలకతో కలిపి ఒక చదరపు మీటరు దాకా పడుతుంది. 50 వాట్ల చాసిస్ ట్రాన్స్‌ఫార్మర్లతో సుమారు 10 కిలోలు, సెలెస్షన్ కంపెనీ 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోలు. మొత్తం 27 కిలోలు, ఒక్క పిడి మీద. విడిగా ఉంచితే హెడ్ 15, స్పీకరు పెట్టె 15, అంటే చేతికొకటి. మెట్లెక్కేటప్పుడు ఈ తేడా నడుముకు తెలుస్తుంది. 20 వాట్ల లోపు చిన్న ఆంప్ అయితే లెక్క మారుతుంది. చాసిస్ ఆరేడు కిలోలే ఉంటుంది కాబట్టి అక్కడ కాంబోకే నా ఓటు.

కాంబోకు ఇంకో మేలు కూడా ఉంది. స్పీకరు తీగ లోపలే ఉంటుంది, ఎవరూ మరిచిపోరు, కాలు తగిలి ఊడదు. వాల్వు ఆంప్‌ను స్పీకరు లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా లేచి ఇన్సులేషన్ చెడిపోతుంది. ఫెండర్లలో మెయిన్ జాక్ ఖాళీగా ఉంటే అవుట్‌పుట్ షార్ట్ అయ్యే ఏర్పాటు కాపాడుతుంది. ఆ కారణంగానే తీగను రెండో స్పీకరు కోసం ఉన్న ఎక్స్‌టెన్షన్ జాక్‌లో మాత్రమే గుచ్చితే శబ్దం రాదు. అన్ని కంపెనీల ఆంపుల్లో ఈ కాపలా ఉండదు.

కాంబో అసలు కష్టం వేడి, అదురు. స్పీకరు పుట్టించే అదురంతా వాల్వులకు, సాకెట్లకు, యాభై ఏళ్ల నాటి టంకాలకు నేరుగా చేరుతుంది. మొదటి 12ఏఎక్స్7 వాల్వు మైక్రోఫోనిక్ అయి (అదురునే శబ్దంగా పట్టి) కూత పెట్టడం, ట్రాన్స్‌ఫార్మర్ నట్లు వదులవడం, హెడ్‌లో ఏళ్లపాటు దాగిన పొడి టంకం (సరిగా అతకని అతుకు) కాంబోలో వారంలో చిటపటలాడటం, అన్నీ దీనివల్లే. పైగా వాల్వులు తలకిందులుగా వేలాడితే వాటి వేడి పైకి లేచి చాసిస్‌లో కరెంటును నిలవ ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లను కాలుస్తుంది. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాన్ గాలి తగలని వేదిక మీద, ఇది చిన్న విషయం కాదు.

చాసిస్ ఏ రకమన్నది కూడా తేల్చుకోవాలి. 60ల నడిమి నుంచి వచ్చిన ఫెండర్ హెడ్లలో చాసిస్ పై పలకకు వేలాడుతుంది, వాల్వులు కిందికే చూస్తాయి. కాంబోలోనూ అదే అమరిక కాబట్టి ప్యానెల్ అక్షరాలు సరిగానే కనిపిస్తాయి. మార్షల్ హెడ్‌లో చాసిస్ అడుగున కూర్చుంటుంది, వాల్వులు నిలబడతాయి. దాన్ని తిప్పి వేలాడదీస్తే నాబ్‌ల కింది అక్షరాలు తలకిందులవుతాయి. కొత్త ప్యానెల్ చేయించాలి, పవర్ వాల్వులకు స్ప్రింగు క్లిప్పులు వేయాలి, లేకపోతే ఆటో గతుకులకే ఊడిపడతాయి. తిప్పకుండా పైన ఒక అర కట్టి నిలబెడితే పెట్టె ఎత్తు 62 సెం.మీ. దాటుతుంది. అప్పుడది స్పీకరు పెట్టె మీద హెడ్ పెట్టినట్టే, విడదీయడానికి మాత్రం రాదు.

కాంబోనే అని నిశ్చయించుకుంటే, ఆచారికి కొలతలు ఇచ్చే ముందు ఈ లెక్క వేయండి. చాసిస్ మందం 7 సెం.మీ., దాని కింద వేలాడే పవర్ వాల్వు 10, అంటే పై పలక నుంచి 17 సెం.మీ. స్పీకరు అంచుకూ అయస్కాంతం అంచుకూ మధ్య దాదాపు 8 సెం.మీ. ఉంటుంది. వాల్వు కొనకూ అయస్కాంతానికీ కనీసం 4 సెం.మీ. ఖాళీ కావాలి. కాబట్టి స్పీకరు అంచు పైనుంచి 13 సెం.మీ. దిగువన మొదలవ్వాలి. దానికి స్పీకరు 31, అడుగున 3 కలిపితే లోపలి ఎత్తు 47, పలకలతో సుమారు 51. స్పీకరు లోతు 13.5 సెం.మీ. వరకు ఉంటుంది. ముందు పలకలో సెలెస్షన్‌కు రంధ్రం 283 మి.మీ. వ్యాసం.

ఐఎస్ 710 గుర్తున్న ప్లై తీసుకోండి, చెదకూ కార్తీకమాసపు వానల తేమకూ తట్టుకుంటుంది. కోసిన అంచున ఖాళీలు కనిపించే ముక్కను వెనక్కి ఇచ్చేయండి. ఆ ఖాళీ స్పీకరు దగ్గర పడితే ఒక్కో స్వరానికి జర్రుమంటుంది. చాసిస్‌కు చెక్క స్క్రూలు పనికిరావు. పై పలక గుండా బోల్టులు దించి, రబ్బరు వాషర్లు, అదురుకు వదులవని నైలాక్ నట్లు వేయాలి.

ఎక్కువమంది మరిచేది ఒకటుంది. ఫెండర్ చాసిస్ తెరిచిన వైపు పెట్టె పై పలకకు ఆనుతుంది, అక్కడ అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది. కొత్త పెట్టెలో ఆ రేకు వేయకపోతే హమ్ (గుయ్యిమనే రొద) వస్తుంది, ఒక్కోసారి రేడియో కూడా వినిపిస్తుంది. రేకు చాసిస్ అంచుకు గట్టిగా తగలాలి. రివర్బ్ (ప్రతిధ్వని) ట్యాంకు ఉంటే దాని అవుట్‌పుట్ కొస పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉండాలి.

చాసిస్ తీసే ముందు ప్లగ్ పీకి, 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ ఒక కొసను చాసిస్‌కు క్లిప్ చేసి, రెండో కొసను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కు 15 సెకన్లు ఆనించండి. మీటరులో 10 వోల్టుల లోపు చూపిస్తేనే చెయ్యి పెట్టాలి. లోపల 450 వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఈ పని తెలియకపోతే వాల్వు రేడియోలు బాగుచేసిన పాత మెకానిక్‌తో చేయించండి.

ఏ దారిలోనైనా ఓమ్‌లు కుదరాలి. బాస్‌మన్, బాండ్‌మాస్టర్ అవుట్‌పుట్ 4 ఓమ్‌లు, 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌గా పెడితే సరిపోతుంది. ఒక్క స్పీకరే అయితే 75 వాట్లకు తగ్గకూడదు. 25 వాట్ల సెలెస్షన్ గ్రీన్‌బ్యాక్ స్పీకరు ఒక్కటే పెడితే 50 వాట్ల ఆంప్ దాని కాయిల్‌ను కాల్చేస్తుంది. అమెరికా 120 వోల్టుల ఆంప్ అయితే 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బయటే ఉండాలి. కాంబోలో దూరిస్తే బరువూ హమ్మూ రెండూ పెరుగుతాయి. లైను 230 వోల్టుల నుంచి 253కి లేస్తే లోపలి 450 వోల్టులు 495 అవుతాయి కనుక స్టెబిలైజర్ కూడా అవసరమే.

ఇదంతా చూశాక, 50 వాట్ల హెడ్ పెట్టె చెక్కుచెదరకుండా ఉంటే విడిగా ఉంచడమే మేలు. పెట్టె ముందే చెదపట్టి పోయి, చాసిస్ ఒక్కటే మిగిలితే కాంబో న్యాయమే. ఒకటిగా నిలబడాలన్న కోరికకు ఫెండరే 1961లో దారి చూపింది. ఆ పిగ్గీబ్యాక్ ఆంపుల్లో హెడ్‌ను స్పీకరు పెట్టెకు బొటనవేలితో తిప్పే లోహపు స్క్రూలతో బిగించేవారు. మీరు కొత్త పెట్టె పై పలకలో రెండు ఎం8 టీ-నట్లు దింపి, హెడ్‌కు రెండు పక్కలా ఆనేలా ఎల్ పట్టీలు పెట్టి, వాటిని చేతితో తిప్పే ఎం8 బోల్టులతో బిగించండి. హెడ్ చెక్కకు ఒక్క రంధ్రమూ పడదు. హెడ్ కింద 6 మి.మీ. ఫెల్ట్ పరిస్తే అదురు కూడా కొంత తగ్గుతుంది. తీగగా 1.5 చదరపు మి.మీ. రెండు కోర్ల వైరు వాడండి, గిటార్ తీగ కాదు.