ఇన్వాయిస్ కంటే ముందు ఫింగర్‌ప్రింట్: థండర్‌బర్డ్‌లో ఎన్‌క్రిప్షన్ కీలు వాడిన అనుభవం

చీమకుర్తి గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ చేసే ఒక కంపెనీలో డాక్యుమెంటేషన్ నా పని. కూర్చునేది ఒంగోలు ఆఫీసులో. ప్రొఫార్మా ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు, బ్యాంకు వివరాలు అన్నీ మెయిల్లోనే పోతాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో, మెయిల్‌కి తాళం వేయడానికి (ఎన్‌క్రిప్షన్), డిజిటల్ సంతకం పెట్టడానికి ఓపెన్‌పీజీపీ అనే పద్ధతి ఉంది. దాన్ని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. అందులో ప్రతి ఒక్కరికీ ఒక జత కీలు: సంతకం పెట్టడానికి, వచ్చిన మెయిల్ తెరవడానికి మన దగ్గరే దాచుకునే సీక్రెట్ కీ, అవతలివాళ్లకి ఇచ్చే పబ్లిక్ కీ. కీ తయారు చేసుకోవడం రెండు నిమిషాల పని. అవతలి కీ నిజంగా అవతలివాళ్లదేనా అని తేల్చుకోవడం దగ్గరే అసలు కథంతా ఉంది, అందుకే ఈ సమీక్ష ఎక్కువగా దాని మీదే.

మాకు దీన్ని అలవాటు చేసింది ఒక ఇటలీ బయ్యర్. మా లైన్లో జరిగే మెయిల్ మోసం అందరికీ తెలిసిందే. బ్లాకులు ఓడెక్కిన టైము చూసుకుని, "మా బ్యాంకు అకౌంట్ మారింది, బ్యాలెన్స్ ఈ కొత్త అకౌంట్‌కి వేయండి" అని సప్లయర్ పేరుతో బయ్యర్‌కి మెయిల్ వెళ్తుంది. అడ్రసులో ఒక్క అక్షరం తేడా, లెటర్‌హెడ్ మాత్రం అచ్చం. కొన్నిసార్లు ఆ తేడా కూడా ఉండదు, ఎందుకంటే అసలు మెయిల్‌బాక్సే వాళ్ల చేతిలో ఉంటుంది. ఈయనకి తెలిసిన వాళ్లెవరికో అలా తగిలిందట. సంతకం లేని మెయిల్లో అకౌంట్ నంబరు వస్తే ఇక చూసేదే లేదని తేల్చి చెప్పేశాడు. కాబట్టి మాకు రహస్యం కంటే సంతకమే ముఖ్యం. గ్రానైట్ రేటు ఎవరైనా చదివినా కొంప మునగదు, అకౌంట్ నంబరు మారిస్తే మునుగుతుంది.

థండర్‌బర్డ్‌లో ఈ సౌకర్యం 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి లోపలే ఉంది. అంతకుముందు ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్, దాని వెనక గ్నూపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం, రెండూ విడిగా పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు థండర్‌బర్డ్ కీలు దాని దగ్గరే దాచుకుంటుంది. కంప్యూటర్లో గ్నూపీజీ ఉన్నా ఆ కీలు ఇందులో కనబడవు, దిగుమతి చేసుకోవాల్సిందే. ఇంకో సంగతి, ప్రైమరీ పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలి. పెట్టకపోతే ఆ సిస్టం ముందు కూర్చున్న ఎవరైనా మీ పేరుతో సంతకం చేసేయొచ్చు. మా ఆఫీసులో టీ టైమంతా సిస్టమ్స్ తెరిచే ఉంటాయి, చెప్పాలా!

నాకు బాగా నచ్చింది కీ వివరాల్లో అది అడిగే ప్రశ్న. ఎవరి కీ అయినా తెరిస్తే నాలుగు దార్లు చూపిస్తుంది: ఒకటి, ఒప్పుకోను; రెండు, ఇప్పుడే కాదు, తర్వాత చూద్దాం; మూడు, ఒప్పుకుంటాను కానీ సరైన కీ అని తేల్చుకోలేదు; నాలుగు, స్వయంగా సరిచూశాను, ఫింగర్‌ప్రింట్ ఇదే. మూడోదానికి, నాలుగోదానికి తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ మెయిల్ తెరిచినప్పుడు సీలు గుర్తు వేరుగా వస్తుంది. మా ఆఫీసు రూలు ఏంటంటే, మూడోది పెట్టిన కీతో వచ్చిన మెయిల్లో డబ్బు మాట ఉంటే ఫోన్ చేయాలి.

ఫింగర్‌ప్రింట్ అంటే ఒక కీని గుర్తుపట్టే నంబరు లాంటిది: సున్నా నుంచి తొమ్మిది అంకెలు, ఎ నుంచి ఎఫ్ అక్షరాలు కలిపి నలభై. నాలుగేసి చొప్పున పది గుంపులుగా చూపిస్తుంది. ఇటలీ ఆయనతో మొదటిసారి సరిచూసినప్పుడు మూడో గుంపులోనే చిక్కొచ్చింది. ఆయన "ఎ" అంటున్నాడు, నేను ఎ చూస్తున్నాను, స్క్రీన్ మీద ఇ ఉంది. వాళ్ల భాషలో ఇ అక్షరాన్ని "ఎ" అంటారు, ఎ అక్షరాన్ని "ఆ" అంటారు. ఆ తర్వాత ఆయన వాళ్ల పద్ధతిలో ఊళ్ల పేర్లతో మొదలుపెట్టాడు: అంకోనా, బొలోన్యా, కోమో, దొమొదొస్సొలా, ఎంపోలి, ఫిరెంజె. నేనూ ఊరుకోలేదు. ఎ అంటే అద్దంకి, బి అంటే బాపట్ల, సి అంటే చీమకుర్తి, డి అంటే దర్శి, ఇ అంటే ఈతముక్కల. ఎఫ్‌కి మన దగ్గర ఊరు దొరకలేదు, ఫిరెంజెనే అప్పు తెచ్చుకున్నా. ఆయనకి చీమకుర్తి ముందే తెలుసు, ఆ సి వచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

ఆ కాల్ చేసింది మెయిల్ కింద ఉన్న నంబరుకి కాదు, పాత ఒప్పందం కాగితం మీద ఉన్న నంబరుకి. ఇది చాలామంది మర్చిపోతారు. మోసగాడు మెయిల్ రాస్తే కింద నంబరు కూడా వాడిదే ఉంటుంది కదా.

నెల్లూరులో మా ఆడిటర్ గారితో పని తేలిక. ఆయన ఒంగోలు వచ్చినప్పుడు కాగితం మీద ప్రింటు తెచ్చారు, ఎదురెదురుగా కూర్చుని చూసుకున్నాం. "చివరి ఎనిమిది చూస్తే చాల్లేవయ్యా" అన్నారు. చాలదు సార్ అన్నాను. ఆ ఎనిమిదీ సరిపోయేలా వేరే కీ తయారు చేయడానికి మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద నాలుగు సెకన్లు పడుతుందని 2014లోనే ఇద్దరు పరిశోధకులు చేసి చూపించారు. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరుతోనే అలాంటి నకిలీ కీ బయటపడింది. ఆడిటర్ గారు కళ్లజోడు పెట్టుకుని నలభై చూశారు.

పబ్లిక్ కీలు అందరూ వెతుక్కునేలా పెట్టే కీ సర్వర్ల విషయానికొస్తే నాకు పెద్ద నమ్మకం లేదు. పాత రకం సర్వర్లలో ఎవరైనా ఎవరి పేరుతోనైనా కీ పెట్టొచ్చు. 2019 జూన్‌లో ఇద్దరు పేరున్న డెవలపర్ల కీలకు వేలకొద్దీ చెత్త సంతకాలు అంటించారు, ఆ కీలు దించుకున్న వాళ్ల గ్నూపీజీ మొరాయించింది. ఆ పాత ఎస్‌కేఎస్ సర్వర్ల గుంపు 2021లో మూతపడింది. ఇప్పుడు థండర్‌బర్డ్ వెతికే కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ నయం. మెయిల్‌కి లింకు పంపి, అది నొక్కితేనే ఆ అడ్రసుతో కీని చూపిస్తుంది. అయితే మెయిల్‌బాక్స్ దొంగ చేతిలో ఉంటే లింకు నొక్కేదీ వాడే. కంపెనీ డొమైన్ నుంచే కీ వచ్చే డబ్ల్యూకేడీ పద్ధతి కూడా ఉంది, మా బయ్యర్ అదే పెట్టాడు, అడ్రసు కొట్టగానే కీ వచ్చేస్తుంది. సౌకర్యమే. కాకపోతే ఒక అక్షరం తేడాతో కొన్న నకిలీ డొమైన్‌కి కూడా డబ్ల్యూకేడీ శుభ్రంగా పనిచేస్తుంది. ఇవన్నీ కీ తెచ్చిపెట్టడానికి పనికొస్తాయి, నమ్మకానికి మళ్లీ ఫోనే.

చికాకులు లేకపోలేదు. సీసీలో ఒక్కరికి కీ లేకపోయినా ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ కదలదు. చెన్నై క్లియరింగ్ ఏజెంట్ కుర్రాడు "అన్నా, మాకేం అర్థంకాలా, మామూలుగా పంపన్నా" అంటాడు. అతనికి సంతకం మాత్రం పెట్టి పంపుతాను, దానికి అవతల కీ అక్కర్లేదు. ఓనర్ గారు ఫోన్లో జీమెయిల్ యాప్ చూస్తారు. అందులో ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ ఒక అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది, సబ్జెక్టు చోట మూడు చుక్కలు. "ఏంటబ్బాయ్, ఖాళీ మెయిల్ పంపావు?" అని వారానికోసారైనా తిట్లు. పాత మెయిళ్లలో కంటైనర్ నంబరు వెతికితే ఎన్‌క్రిప్ట్ చేసినవి దొరకవు. ఇది నిజంగా ఇబ్బందే, రిజిస్టర్లో విడిగా రాసుకుంటున్నాను.

గడువు సంగతి చెప్పాలి. థండర్‌బర్డ్‌లో కీ చేస్తే మామూలుగా మూడేళ్లు పెడుతుంది. మాది దగ్గరపడినప్పుడు పొడిగించాను, అది కీ వివరాల్లో ఒక్క నొక్కుడు. తర్వాత మారిన పబ్లిక్ కీని అందరికీ మళ్లీ పంపాలి, లేకపోతే వాళ్ల దగ్గర పాత గడువే ఉంటుంది. ఇటలీ వాళ్ల ఆఫీసులో కొత్తగా చేరినావిడ టెన్షన్ పడి, కీ మారిందా అని ఫోన్ చేసింది. గడువు మారినా ఫింగర్‌ప్రింట్ మారదు. చూసుకుని పెట్టేసింది. ఆవిడ ఫోన్ చేసినందుకు మాత్రం నాకు సంతోషమేసింది, అడగాల్సింది అదే. పొడిగించకుండా కొత్త కీ చేసుంటే నలభై అక్షరాలూ అందరితో మళ్లీ మొదటినుంచి చదవాలి.

సీక్రెట్ కీ బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో, దాని పాస్‌వర్డ్ కాగితం మీద, రెండూ వేర్వేరు బీరువాల్లో ఉంచాం. సిస్టం మార్చినప్పుడు అదే ఆదుకుంది.

నలుగురైదుగురు స్థిరమైన పార్టీలతో పెద్ద మొత్తాల లావాదేవీలు నడిపే ఆఫీసుకి ఇది బాగుంటుంది. రొయ్యల ఎక్స్‌పోర్ట్ వాళ్లకి, అటు కావలి, నెల్లూరు వైపు వాళ్లకి కూడా చెబుతాను. రోజుకో కొత్త కస్టమర్‌తో మాట్లాడే షాపుకైతే దండగ, అక్కడ ఎవరూ ఫింగర్‌ప్రింట్ చదివి వినిపించరు. వాట్సాప్‌లోనూ అరవై అంకెల సెక్యూరిటీ కోడ్ సరిచూసుకునే వీలుంది, అది చూసినవాళ్లు మీకెవరైనా తెలుసా? ఓనర్ గారి ఫోన్లో ఓపెన్‌కీచెయిన్ (ఫోన్లో కీలు దాచే యాప్), థండర్‌బర్డ్ ఆండ్రాయిడ్ యాప్ వేద్దామంటే సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నారు. అప్పటిదాకా ఆయనకి రావాల్సిన మెయిళ్లు ప్రింటు తీసి టేబుల్ మీద పెడుతున్నాను.