"సోర్స్ నుంచి కంపైల్ చేసిన లజారస్" ప్యాక్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పాస్కల్ భాషలో రాసిన కోడ్‌ని (సోర్స్‌ని) నడిచే ప్రోగ్రాంగా మార్చే, అంటే కంపైల్ చేసే ఉచిత కంపైలర్ ఫ్రీ పాస్కల్. దాంతో ప్రోగ్రాములు తయారుచేసుకునే ఉచిత పనిముట్టు (ఐడీఈ) లజారస్. ఈ రెండిటినీ సోర్స్ నుంచి తాజాగా కంపైల్ చేసి, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ ప్రోగ్రాములు తయారయ్యేలా సెట్ చేసి ఇస్తామంటూ డబ్బుకు ప్యాక్‌లు అమ్ముతున్నారు. అలాంటిది ఒకటి నేను కొన్నాను. మూడో రోజుకి తెలిసింది, అందులో సోర్స్ నుంచి కంపైల్ చేసింది ఏదీ లేదని. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో వస్తారు, అందుకని గుర్తులు చెబుతాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నా దగ్గర ఎప్పుడో డెల్ఫీలో (పాస్కల్‌తోనే ప్రోగ్రాములు రాసే ఇంకో పనిముట్టు) రాసిన స్టాక్ లెక్కల ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని వాడే కస్టమర్ లినక్స్‌కి మారతానన్నారు, వాళ్ల ఆఫీసులో ఇద్దరు మ్యాక్ వాడతారు. డెల్ఫీ వచ్చినవాళ్లకి లజారస్ కొత్తగా అనిపించదు, కోడ్ చాలావరకు అలాగే నడుస్తుంది. మామూలు ఇన్‌స్టాలర్ పెట్టుకుంటే పది నిమిషాల పని. కానీ నాకు కావాల్సిన సవరణ ఒకటి విడుదలైన ఫ్రీ పాస్కల్ 3.2.2లో లేదు, ఇంకా అభివృద్ధిలో ఉన్న 3.3.1లో ఉంది. అందుకే సోర్స్ నుంచి కంపైల్ చేద్దామని దిగాను.

సోర్స్ దించుకుని, మేక్‌ఫైల్‌లో రాసినట్టు కంపైల్ పనులన్నీ చేయించే "మేక్ ఆల్" కమాండ్ కొట్టాను. మేక్‌ఫైల్ మొదటి లైన్లలోనే కమాండ్ సింటాక్స్ ఎర్రర్. రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాను. ఇంకోపక్క కస్టమర్ గడువు దగ్గరపడుతోంది. ఆ టెన్షన్‌లో ఉండగా కనిపించింది ఈ ప్రకటన. అసలు కారణం తర్వాత తెలిసింది: నా మెషీన్‌లో పాత్ వరసలో (కమాండ్‌ని ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) డెల్ఫీ ఫోల్డర్ ముందుంది. డెల్ఫీతో వచ్చే మేక్ వేరు, ఫ్రీ పాస్కల్ మేక్‌ఫైళ్లకి కావాల్సిన గ్నూ మేక్ వేరు. రెండిటి పేరూ ఒకటే కాబట్టి నేను మేక్ అన్నప్పుడల్లా మొదటిదే పలికింది. ఫ్రీ పాస్కల్ బిన్ ఫోల్డర్‌ని వరసలో ముందుకు జరిపితే తీరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి కొన్నాను, అదీ మొద్దు గొడ్డలి.

ప్రకటనలో రాసింది ఇదీ: 3.3.1 తాజా కంపైల్, మూడు ప్లాట్‌ఫాంలకీ ఒక్క క్లిక్‌తో ప్రోగ్రాం, జీవితకాలం సపోర్ట్. డబ్బు కట్టేముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఏ వెర్షన్ కంపైలర్‌తో మొదలుపెట్టి కంపైల్ చేశారు?" జవాబు: "అన్నీ లేటెస్టే సర్, మీకేం టెన్షన్ అక్కర్లేదు." అక్కడే ఆగాల్సింది.

ఆ ప్రశ్న ఎందుకంటే, ఫ్రీ పాస్కల్ కంపైలర్ని పాస్కల్‌లోనే రాశారు. దాన్ని కంపైల్ చేయాలంటే ముందే ఒక పాస్కల్ కంపైలర్ ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు ఉంటుంది కానీ, పద్ధతి మాత్రం స్పష్టం: ఇదివరకే విడుదలైన కంపైలర్‌తో మొదలుపెట్టాలి. 3.3.1కి అది 3.2.2. మరీ పాతదానితో మొదలుపెడితే మేక్‌ఫైల్ ఒప్పుకోదు, ఫలానా వెర్షన్‌తోనే మొదలుపెట్టమని చెప్పి ఆగిపోతుంది. సరైనది దొరికితే పాత కంపైలర్‌తో కొత్తదాన్ని, ఆ కొత్తదానితో మళ్లీ తననే, ఆ వచ్చినదానితో ఇంకోసారి కంపైల్ చేసి, చివరి రెండూ ఒక్క బైట్ తేడా లేకుండా ఉన్నాయో లేదో సరిచూస్తుంది. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. నిజంగా ఈ పని చేసినవాళ్లు మొదలుపెట్టిన వెర్షన్ అడిగితే తడుముకోరు.

ప్యాక్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమన్నారు, అడ్మిన్‌గా నడపమన్నారు. రెండూ చేశాను, బుద్ధి లేక. నల్ల విండోలో అక్షరాలు చాలాసేపు పరిగెత్తాయి, చివర "సక్సెస్" అని పడింది. లజారస్ తెరుచుకుంది. చిన్న ఫారం, ఒక బటన్ పెట్టి రన్ చేస్తే నడిచింది. సంతోషంతో ఐదు నక్షత్రాల రివ్యూ కూడా ఇచ్చేశాను. ఇప్పుడది మార్చుకునే వీల్లేదట. దాన్ని చూసి ఎవరైనా కొని ఉంటే క్షమించండి.

మూడో రోజు, రిపోర్టుల కోసం ఒక కాంపొనెంట్ ప్యాకేజీ పెట్టబోతే కథ అడ్డం తిరిగింది. లజారస్‌లో డిజైన్ చేసేటప్పుడు కనిపించే కాంపొనెంట్లు ఐడీఈలోనే కలిసిపోతాయి. అందుకని ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినా ఐడీఈ తనని తాను మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. అంటే దాని సోర్స్ మొత్తం పక్కన ఉండాల్సిందే. నాకొచ్చిన కాపీలో ఐడీఈ ఫోల్డర్‌లో గానీ, ఎల్‌సీఎల్ (లజారస్ కాంపొనెంట్ల లైబ్రరీ) ఫోల్డర్‌లో గానీ ఒక్క డాట్ పాస్ ఫైలు, అంటే పాస్కల్ సోర్స్ ఫైలు, లేదు. అన్నీ ముందే కంపైలైన పీపీయూ ఫైళ్లు. పీపీయూ ఫైలు ఏ కంపైలర్‌తో తయారైందో దానికే పనికొస్తుంది, వెర్షన్ మారితే ఎందుకూ కొరగాదు. సోర్స్ నుంచి కంపైల్ చేశామంటూ అమ్మిన పెట్టెలో సోర్సే లేదు.

అప్పుడు కూర్చుని ఒక్కొక్కటే విప్పి చూశాను. ఫ్రీ పాస్కల్‌తో ఏ ఫైలు కంపైల్ చేసినా మొదటి లైనులో వెర్షన్ నంబరు, పక్కనే చదరపు బ్రాకెట్లలో ఆ కంపైలర్ తయారైన తేదీ వస్తాయి. ఐడీఈలో మెసేజ్‌ల మధ్య మనం దాన్ని పట్టించుకోం. కమాండ్ లైన్‌లో నడిపి చూస్తే 3.0.4 అని ఉంది, తేదీ 2017. "పోయిన వారమే కంపైల్ చేశాం సర్" అన్నది దీన్నే.

ఇన్‌స్టాల్ చేసిన బ్యాచ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంకా బావుంది. అది 3.0.4తో 3.3.1ని కంపైల్ చేయబోతుంది. మేక్‌ఫైల్ వద్దంటుందని తెలుసు కాబట్టి, "ఓవర్‌రైడ్‌వెర్షన్‌చెక్ ఈక్వల్స్ 1" అని పెట్టి ఆ తనిఖీని దాటవేశారు. మధ్యలో ఎక్కడ ఎర్రర్ వచ్చినా ఆగకుండా ముందుకెళ్లిపోతుంది. చివర్లో జిప్ నుంచి తయారుగా ఉన్న ఫోల్డర్‌ని తెచ్చి పైన పరుస్తుంది, ఆ తర్వాత "సక్సెస్" అని ప్రింట్ చేస్తుంది. నేను నల్ల విండోలో ముచ్చటగా చూసింది విఫలమవుతున్న కంపైల్‌ని.

కాన్ఫిగ్ ఫైలు, అదే ఎఫ్‌పీసీ డాట్ సీఎఫ్‌జీ, తెరిస్తే యూనిట్ల దారులన్నీ నా మెషీన్‌లో లేని ఎవరిదో యూజర్ ఫోల్డర్ వైపు చూపిస్తున్నాయి. సోర్స్ అప్‌డేట్ చేసుకోమని ఇచ్చిన సూచనల్లో సోర్స్ ఉంచే పాత ఎస్‌వీఎన్ సర్వర్ అడ్రస్ ఉంది. ఫ్రీ పాస్కల్, లజారస్ రెండూ 2021లోనే గిట్‌ల్యాబ్‌కి మారిపోయాయి. ఇంకో నష్టం కూడా జరిగింది: నా మెషీన్‌లో అంతకుముందే ఉన్న మామూలు లజారస్ సెట్టింగులన్నిటినీ ఈ ప్యాక్ తుడిచేసింది. రెండు లజారస్‌లు ఒకేచోట ఉండాలంటే ఒక్కోదానికి "పీసీపీ" ఆప్షన్‌తో విడి సెట్టింగుల ఫోల్డర్ ఇవ్వాలి. వీళ్లకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

మూడు ప్లాట్‌ఫాంల విషయానికొస్తే, విండోస్ ప్రోగ్రాం తయారైంది, విండోస్‌లోనే ఉన్నాం కనుక. లినక్స్ టార్గెట్ పెట్టగానే, అక్కడ విండోలు చూపించడానికి కావాల్సిన ఎక్స్11 లైబ్రరీ దొరకలేదని లింకర్ (కంపైలైన ముక్కల్ని ఒక ప్రోగ్రాంగా కలిపేది) ఆగిపోయింది. లినక్స్ మెషీన్ నుంచి విండోస్‌కి కంపైల్ చేయడం తేలిక, దానికి ఫ్రీ పాస్కల్‌లోనే సొంత లింకర్ ఉంది. విండోస్ నుంచి లినక్స్‌కి అంటే అసెంబ్లర్, లింకర్ ఉన్న క్రాస్ బిన్‌యుటిల్స్ కావాలి, పైగా లినక్స్ వైపు జీటీకే, ఎక్స్11 లైబ్రరీలూ కావాలి, ఎల్‌సీఎల్‌ని ఆ టార్గెట్‌కి విడిగా కంపైల్ చేసుకోవాలి. ఇవేవీ లేకుండా ఒక్క క్లిక్ అంటే నమ్మకండి. ఇక మ్యాక్ కోసం ఫోల్డర్‌లో యాపిల్ ఎస్‌డీకే (మ్యాక్ ప్రోగ్రాములు తయారుచేయడానికి యాపిల్ ఇచ్చే) ఫైళ్లు ఎక్కడినుంచో తెచ్చి పడేశారు. యాపిల్ లైసెన్స్ ప్రకారం ఆ ఎస్‌డీకేని వాడాల్సింది యాపిల్ మెషీన్ల మీదే. కస్టమర్‌కి అమ్మే సరుకుని అలా తయారుచేసి ఇస్తే రేపు జవాబు చెప్పుకోవాల్సింది మనం, ప్యాక్ అమ్మినవాళ్లు కాదు.

ఇవన్నీ రాసి పంపాను. ముందు "మీ మెషీన్ ప్రాబ్లం సర్" అన్నారు. తర్వాత స్క్రీన్ షేర్ ఇమ్మన్నారు, అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పమన్నారు. అది ఇవ్వలేదు. మూడు ప్లాట్‌ఫాంలూ పనిచేస్తాయని ఒకటే మాట, పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. సోర్స్ పంపమంటే "అది మా సీక్రెట్ సర్". డబ్బు వెనక్కిమ్మంటే "డిజిటల్ ప్రొడక్ట్‌కి రీఫండ్ ఉండదు".

ఆ "సీక్రెట్" మాట దగ్గర ఒక సంగతి చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని డబ్బుకి అమ్మడం తప్పు కాదు, జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్ దానికి అడ్డు చెప్పదు. లజారస్ ఐడీఈ ఉన్నది జీపీఎల్ కిందే. కానీ కంపైలైన కాపీ ఇచ్చినవాళ్లు దాని సోర్స్ కూడా ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. జీపీఎల్ వెర్షన్ 2 ప్రకారం ఆ మాట కనీసం 3 ఏళ్లు చెల్లాలి. ఒక మెషీన్‌కే లైసెన్స్ కీ అంటూ అదనపు ఆంక్షలు పెట్టడం కూడా కుదరదు. మీరు లజారస్‌తో తయారుచేసిన సొంత ప్రోగ్రాం సోర్స్ మాత్రం బయటపెట్టక్కర్లేదు. మీ ప్రోగ్రాంలో కలిసే ఎల్‌సీఎల్‌కి, లింకింగ్ మినహాయింపు ఉన్న ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కన్నా సడలింపైన లైసెన్స్) వర్తిస్తుంది. ఈ రెండిటినీ కలిపేసి భయపెట్టి "కమర్షియల్ లైసెన్స్" అంటగట్టే ప్రయత్నం కూడా నా మీద జరిగింది.

డబ్బు పోవడం కన్నా నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. కంపైలర్ అంటే మన చేతిలోంచి బయటికి వెళ్లే ప్రతి ప్రోగ్రాంలోనూ వేలు పెట్టేది. 2015లో ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అనే గొడవ గుర్తుందా? చైనాలో డెవలపర్లు యాపిల్ సర్వర్ నుంచి డౌన్‌లోడ్ నెమ్మదిగా ఉందని ఎక్స్‌కోడ్ (యాపిల్ యాప్‌లు తయారుచేసే పనిముట్టు) కాపీని ఫైల్ షేరింగ్ సైట్ నుంచి దించుకున్నారు. ఆ కాపీలో ఎవరో మార్పులు చేసి పెట్టారు. దాంతో తయారైన యాప్‌లన్నిట్లోకీ దొంగ కోడ్ చేరి, యాప్ స్టోర్ దాకా వెళ్లింది. వీచాట్ అంతటిది కూడా అందులో ఉంది. రాసినవాళ్ల సోర్స్ శుభ్రంగానే ఉంది, చెడ్డది కంపైల్ చేసిన పనిముట్టు. నేను కొన్న ప్యాక్‌లో అలాంటిది ఉందని అనడం లేదు. కానీ ఎవరి మెషీన్‌లో, దేనితో తయారైందో తెలియని కంపైలర్‌ని యాంటీవైరస్ ఆపి మరీ అడ్మిన్‌గా నడిపాను. దాంతో తయారుచేసిన టెస్ట్ ప్రోగ్రాం ఒకటి కస్టమర్‌కి పంపేశాను కూడా. ఫోన్ చేసి తీసేయమని చెప్పడానికి సిగ్గేసింది, కానీ చెప్పాను. విండోస్ మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేశాను, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను.

ఆ తర్వాత ఈ పని నేనే చేసుకున్నాను, ఒక్క సాయంత్రంలో. లజారస్ అధికారిక ఇన్‌స్టాలర్ దించి, వాళ్ల సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) పోల్చి చూశాను. దాంతో వచ్చిన 3.2.2తో గిట్‌ల్యాబ్ నుంచి తెచ్చిన 3.3.1ని కంపైల్ చేశాను, స్పేస్‌లు లేని చిన్న పేరున్న ఫోల్డర్‌లో, గ్నూ మేక్‌కి పూర్తి దారి ఇచ్చి. తర్వాత లజారస్ ఫోల్డర్‌లో "మేక్ బిగ్ఐడీఈ" కొట్టి ఐడీఈని కంపైల్ చేశాను. కమాండ్ లైన్ అంటే చిరాకైతే ఎఫ్‌పీసీఅప్‌డీలక్స్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది. సోర్స్ దించడం దగ్గర నుంచి క్రాస్ కంపైలర్లు పెట్టడం దాకా అదే చూసుకుంటుంది. నేను డబ్బు పోసి కొన్న "సర్వీస్" అంతా అందులో ఉంది. మ్యాక్ ప్రోగ్రాం మాత్రం కస్టమర్ మ్యాక్ మీదే కంపైల్ చేస్తున్నాను.

ఇప్పటికే ఇలాంటి ప్యాక్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, కమాండ్ లైన్‌లో ఏదో ఒక చిన్న ఫైలు కంపైల్ చేసి మొదటి లైనులో ఆ చదరపు బ్రాకెట్లలో తేదీ ఏముందో చూడండి. తర్వాత లజారస్‌లో టూల్స్ మెనూకి వెళ్లి, ఏమీ మార్చకుండా ఐడీఈని ఒకసారి మళ్లీ బిల్డ్ చేయమనండి. అక్కడ ఆగిపోతే రీఫండ్ గడువు దాటకముందే, ఈరోజే అడగండి. నిన్న చూశాను, వాళ్ల ప్రకటనలో వెర్షన్ నంబరు మాత్రం ఇంకా కొత్తదిగా మారింది.