నెదర్లాండ్స్ గ్రీన్‌హౌసులు: సోడియం దీపమా, ఎల్‌ఈడీనా?

నెదర్లాండ్స్ వ్యవసాయంలో కరెంటు ఎక్కువగా కాలేది ఆరుబయట పొలాల్లో కాదు, వెస్ట్‌లాండ్ లాంటి చోట్ల గాజు గ్రీన్‌హౌసుల్లో. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే. టమాటా, గులాబీలకు దీపం తప్పదు.

దశాబ్దాలుగా వాడింది సోడియం దీపం. 1000 వాట్లది ఒక జౌలు కరెంటుకు దాదాపు 1.8 మైక్రోమోల్ (మొక్క వాడుకునే కాంతి కణాల లెక్క) వెలుతురిస్తుంది. మంచి ఎల్‌ఈడీ 3 దాటుతుంది. అంటే అదే వెలుతురుకు 600 వాట్లు చాలు. లెక్క ఇంతే అయితే అందరూ ఎప్పుడో మారేవాళ్లు!

చిక్కంతా వేడితోనే. సోడియం సెగ నేరుగా చిగుళ్లకు తగులుతుంది. ఎల్‌ఈడీ కింద అది ఉండదు కాబట్టి చిగురు చల్లబడుతుంది, ఆకు నీటిని వదలడం తగ్గుతుంది, కొత్త ఆకులు ఆలస్యమవుతాయి. గాలి వేడిని ఒకట్రెండు డిగ్రీలు పెంచి, మొక్కల మధ్య వేడినీటి పైపు నడపాలి. తేమ నిలిస్తే బూడిద బూజు పట్టుకుంటుంది.

చాలామందికి సొంత గ్యాస్ ఇంజన్ ఉంటుంది. కరెంటుతో పాటు దాని వేడి, శుద్ధి చేసిన పొగలోని కార్బన్ డయాక్సైడ్ కూడా తోటకే. గ్యాస్ చౌకగా ఉన్నన్నాళ్లూ సోడియం గిట్టుబాటైంది. 2022లో గ్యాస్ ధర ఎగిశాక లెక్క ఎల్‌ఈడీ వైపు మొగ్గింది.

పాత దీపాలున్నవాళ్లు సగం తీసి సగం ఎల్‌ఈడీ పెడితే సెగ కొంత మిగులుతుంది. సోడియం బల్బును మాత్రం 10,000 గంటలకల్లా మార్చాలి, వెలుగుతూనే ఉన్నా కాంతి తగ్గిపోతుంది.